పాత మొదలు, కొత్త కొమ్మ: కంప్యూటరు లోకములో ఒక సేవ

గత విద్యా సంవత్సరపు తల్లిదండ్రుల సమావేశమున ఒక తండ్రి లేచి నన్నొక ప్రశ్న అడిగిరి. “సారూ, మన బడి కంప్యూటర్లలో ఉండేదంతా ఊరికే వచ్చిందంట గదా. ఊరికే వచ్చినదానికి విలువేముంటుంది? పైగా అది పాతదంట. బెంగళూరు పిల్లోళ్లు కొత్తది నేర్చుకుంటా ఉంటే మన పిల్లోళ్లు పాతది నేర్చుకోవల్నా?” సభలో కొందరు నవ్విరి. నేనును ఏదో క్లుప్తముగా చెప్పి కూర్చుంటిని. కాని అది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. కన్నడ సీమలో బిడ్డను తెలుగు బడికి పంపిన తండ్రికి, ఆ బిడ్డ లోకము కన్న వెనుకబడునేమో యను భయము ఉండుట సహజము. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఈ వార్షిక సంచికలో వివరముగా వ్రాయుచున్నాను.

డెబియన్ అనగా నేమి?

మన కంప్యూటరు గదిలోని యంత్రములను నడుపునది డెబియన్ అను వ్యవస్థ. దీనికి గుండె వంటిది లినక్స్ కెర్నెల్. యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని చేయించునది అదియే. దానిని 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. ఆ కెర్నెల్‌ను, వేలకొలది ఇతర ప్రోగ్రాములను చేర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు కూర్చి లోకమునకు పంచిపెట్టు సంస్థలు పెక్కు కలవు. వానిలో డెబియన్ ఒకటి. 1993 ఆగస్టు 16వ తేదీన ఇయాన్ మర్డక్ అను యువకుడు దీనిని ప్రారంభించెను. తరువాత తన భార్యయైన డెబ్రా పేరును, తన పేరును కలిపి ఆయన దీనికి నామకరణము చేసెను.

దీనికి యజమాని లేడు. అనేక దేశములందలి సభ్యులు, ఇంచుమించు వేయిమంది, ఈ పనిని స్వచ్ఛందముగా సాగించుచున్నారు. ప్రతి ప్రోగ్రామును, దానిని ఎచ్చట అమర్చవలెనో, దానికి తోడుగా మరి యేవి కావలెనో తెలుపు వివరములతో సహా ఒక కట్టగా కట్టుదురు. ఈ కట్టకు ప్యాకేజీ అని పేరు. 2025 ఆగస్టు 9న వెలువడిన 13వ విడుదలలో ఇట్టి ప్యాకేజీలు 69,830 కలవు. వీనికి వెల లేదనుట నిజమే. కాని ముఖ్యమైన సంగతి అది కాదు. వీని మూల రచనను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని ఇతరులకు పంచవచ్చును. ఈ హక్కు లేనిచో, ఈ వ్యాసమున చెప్పబోవు సేవయే సాధ్యము కాదు.

పాతదిగా ఉంచుట ఏల?

డెబియన్ వారు ఇంచుమించు రెండేండ్ల కొకసారి స్థిరమైన విడుదల నొకదానిని ప్రకటింతురు. ఒకసారి ప్రకటించిన తరువాత అందలి ప్రోగ్రాములను మార్చరు. భద్రతకు సంబంధించిన లోపములను, పెద్ద తప్పులను మాత్రము సవరింతురు. విద్యా సంవత్సరము నడుమ మనము పాఠ్యపుస్తకమును మార్చము గదా, అట్లే ఇదియును. నిన్న నడచినది నేడును నడువవలెను, ఉపాధ్యాయుడు నిన్న చూపిన మీట నేడును అచ్చటనే యుండవలెను. బడికిని, ఆసుపత్రికిని, కచ్చేరికిని కావలసిన గుణమిది.

అయితే ఈ స్థిరత్వమునకు మూల్యము చెల్లింపక తప్పదు. 2023 జూన్ 10న వెలువడిన 12వ విడుదలలో వ్రాతపనికి, పట్టికలకు వాడు లిబ్రే ఆఫీస్ 7.4వ కూర్పు ఉండెను. అది 2022 నాటిది. ఆ ప్రోగ్రాము రచయితలు మాత్రము ముందునకు సాగుచునే యుండిరి. 2024 ఆరంభమున వారు అంకెల పద్ధతిని మార్చి, సంవత్సరమును, నెలను బట్టి 24.2 అని కొత్త కూర్పునకు పేరిడిరి. డెబియన్‌లో రాబోవు విడుదలకు పదార్థము సిద్ధమగు వేరొక శాఖ కలదు. దానిని పరీక్షా శాఖ యందురు. కొత్త కూర్పులు అందు చేరుచుండును గాని, అందలి వస్తువులు నిత్యము మారుచుండును.

నేను చేసిన పొరపాటు

2024 సెప్టెంబరులో దసరా సెలవులకు ముందు అర్ధ సంవత్సర పరీక్షల ప్రశ్నపత్రములను సిద్ధపరచుచుంటిమి. లిబ్రే ఆఫీస్ కొత్త కూర్పు నాకు కావలసి వచ్చెను. నాకు కంప్యూటరు కొంత తెలియును. ఆ కొంతయే ప్రమాదమునకు కారణమాయెను. స్థిర విడుదల నడుచుచున్న యంత్రమునకు పరీక్షా శాఖ చిరునామాను చేర్చి, ఆ ఒక్క ప్రోగ్రామును తెమ్మని ఆజ్ఞ యిచ్చితిని. అది ఒంటరిగా రాలేదు. తనకు తోడుగా కొత్త లైబ్రరీలు కావలెననెను. ఆ లైబ్రరీలకు మరికొన్ని కావలసి వచ్చెను. వ్యవస్థకు పునాదియైన భాగములు కూడ మారిపోవుచుండగా, తెరమీద వచ్చిన ప్రతి హెచ్చరికకును సరే యని మీట నొక్కుచు పోతిని. మరునాటి ఉదయము ఆ యంత్రము నల్లని తెర చూపి నిలిచిపోయెను. ఏడు, ఎనిమిది తరగతుల ప్రశ్నపత్రములు దానిలోనే యున్నవి. ఏడవ తరగతి పత్రములకు పెన్ డ్రైవులో నకలు ఉండెను. ఎనిమిదవ తరగతివి మా ఉపాధ్యాయులు రాత్రి రెండు గంటల వరకు కూర్చుండి తిరిగి వ్రాసిరి. ఆ తప్పు ముమ్మాటికిని నాదే.

ఆ ఆదివారము మన పూర్వ విద్యార్థి యొకడు, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగము చేయుచున్నవాడు, ఉదయపు రైలులో దిగి బడికి వచ్చెను. యంత్రమును చూచి, “అయ్యవారూ, మీరు కొమ్మ కావాలని చెట్టునే పెరికి తెచ్చి నాటినారు. అంటు కట్టుంటే చాలు గదా” అనెను. ఆ మాట నాకు చప్పున అర్థమాయెను. మన జిల్లావారికి అంటు సంగతి చెప్పనక్కర లేదు. శ్రీనివాసపురము తోటలలో నాటు టెంకనుండి మొలచిన మొక్కమీద బాదామి కొమ్మనో, బేనిషా కొమ్మనో కట్టుదురు. వేరు నాటుదే. అది మన నేలను ఎరిగినది, ఎండను ఓర్చినది. ఫలము మాత్రము కొత్తది. ఈ పనికి కంప్యూటరు లోకములో బ్యాక్‌పోర్టు అని పేరు. కొత్త కూర్పును తెచ్చి, పాత విడుదలయందలి లైబ్రరీల మీదనే నడచునట్లు తిరిగి నిర్మించుట బ్యాక్‌పోర్టు. వేరు కదలదు.

ఈ సేవను మొదట డెబియన్‌కు వెలుపల కొందరు తమంతట తాము నడిపిరి. 2010 సెప్టెంబరులో ఇది డెబియన్ అధికారిక సేవయైనది. నాకు కావలసిన లిబ్రే ఆఫీస్ కొత్త కూర్పు కూడ 12వ విడుదల కొరకు అందు సిద్ధముగా ఉండెను. నాకు ఆ సంగతి తెలియలేదు, అంతియే.

అంటు కట్టు విధానము

ఈ పని ఎట్లు జరుగునో చెప్పెదను. మన పిల్లలు నేర్వదగిన క్రమశిక్షణ ఇందే యున్నది.

మొదటి నియమము: ఏ కూర్పునైనను అది పరీక్షా శాఖలో చేరి నిలిచిన తరువాతనే బ్యాక్‌పోర్టు చేయవలెను. తనకు తోచిన చోటనుండి తెచ్చి అతుకరాదు. రాబోవు విడుదలలో లేని వస్తువును ఇప్పుడు అలవాటు చేసిన, రేపు వ్యవస్థను పైకి మార్చుకొనువాడు నడిదారిలో చిక్కుకొనును. ఆ ప్యాకేజీని ముందునుండి చూచుచున్న సభ్యుడు ఎవరో కనుగొని, ఆయనతో మాటలాడుటయు మర్యాద.

తరువాత మూల రచనను దించుకొని, స్థిర విడుదల మాత్రమే యున్న శుభ్రమైన పరిసరములో నిర్మింపవలెను. తన కంప్యూటరులోని ఇతర వస్తువులు దానికి తగులకుండుటకే ఈ జాగ్రత్త. ఒక్కొక్కప్పుడు ఏ మార్పును లేకయే నిర్మాణము ముగియును. ఒక్కొక్కప్పుడు, “నాకు ఇంతకంటె కొత్త లైబ్రరీ కావలెను” అని ఆగిపోవును. అప్పుడు దారులు రెండు. ఆ లైబ్రరీని కూడ ఇట్లే బ్యాక్‌పోర్టు చేయవచ్చును. లేక అది నిజముగా అవసరమా యని చదివి చూచి, పాత లైబ్రరీతో సరిపోవునట్లు స్వల్పముగా దిద్దవచ్చును. ఎంత తక్కువ దిద్దిన అంత మేలు. దిద్దిన ప్రతి అక్షరమును మార్పుల పట్టికలో తేదీతో వ్రాయవలెను. దాచి చేసిన మార్పునకు ఇచ్చట చోటు లేదు.

పిమ్మట పరీక్ష. స్థిర విడుదల గల యంత్రమున దానిని అమర్చి చూడవలెను. పాత కూర్పు ఉన్నచోట దానిని పెట్టి చూడవలెను; తీసివేసి చూడవలెను; రేపు కొత్త విడుదలకు మారినప్పుడు చిక్కు వచ్చునేమో చూడవలెను. ఇన్నియు ముగిసిన తరువాతనే దానిని డెబియన్ భాండారమునకు పంపుదురు. మొదటిసారి వచ్చిన ప్యాకేజీని అచ్చటి బాధ్యులు పరిశీలించి గాని చేర్చుకొనరు.

పంపువాడు ఎవరో తెలియవలెను గదా. అందులకు ప్రతి సభ్యునకును రహస్యమైన సంఖ్యా ముద్ర యొకటి ఉండును. ఆ ముద్ర ఆయనదే యని ఇతర సభ్యులు ఆయనను ముఖాముఖి కలసి, గుర్తింపు పత్రము చూచి సాక్ష్యమిత్తురు. యంత్రముల లోకములో కూడ నమ్మకమునకు మూలము మనుష్యుడు మనుష్యుని చూచుటయే. డెబియన్ సభ్యుల వార్షిక మహాసభ మన దేశమున మొదటిసారి 2023 సెప్టెంబరులో కేరళలోని కొచ్చిలో జరిగినది. సభ్యులు కానివారును పని చేయవచ్చును. వారు ప్యాకేజీని సిద్ధపరచి సభ్యునొకని యొద్దకు పంపిన, ఆయన పరీక్షించి తన ముద్రతో భాండారమున చేర్చును. కావున పల్లెటూరి విద్యార్థికి ఈ వాకిలి మూయబడలేదు.

తాత్కాలిక ఉపాధ్యాయుని నీతి

ఈ పద్ధతిలో నన్ను మిక్కిలి ఆకర్షించిన యుక్తి యొకటి కలదు. ప్రతి ప్యాకేజీకిని ఒక కూర్పు సంఖ్య ఉండును. బ్యాక్‌పోర్టు చేసినప్పుడు ఆ సంఖ్య చివర అలవంటి ~ గుర్తు నొకదానిని చేర్చి, దాని తరువాత బ్యాక్‌పోర్టు అను మాటకు సంకేతాక్షరములను, విడుదల సంఖ్యను వ్రాయుదురు. డెబియన్ లెక్కలో ఈ గుర్తు తోక గల సంఖ్య, ఆ తోక లేని అదే సంఖ్య కన్న చిన్నది. ఎందులకు? రేపు యంత్రము కొత్త విడుదలకు మారినప్పుడు, అందలి అసలు ప్యాకేజీ “పెద్దది”గా లెక్కింపబడి, బ్యాక్‌పోర్టు స్థానమును తనంతట తాను ఆక్రమించును. ఎవరును తొలగింపనక్కర లేదు. ఖాయమైన ఉపాధ్యాయుడు వచ్చువరకు తరగతి చెడకుండ చూచి, ఆయన రాగానే కుర్చీ విడిచి లేచు తాత్కాలిక ఉపాధ్యాయుని వంటిది ఈ అంటు. పని చేయునప్పుడే తాను తప్పుకొను దారిని కూడ ముందుగా ఏర్పరచుకొనును.

మరియొక మర్యాద కూడ కలదు. బ్యాక్‌పోర్టులు ఎవరి యంత్రములోనికిని పిలువక ప్రవేశింపవు. ఆ భాండారపు చిరునామాను మనము చేర్చినను, ఫలానా ప్యాకేజీ కావలెనని పేరు పెట్టి అడిగిననే వచ్చును. కావలసిన ఒక్క కొమ్మ మాత్రమే కొత్తది. తక్కిన చెట్టు యథాతథము. ఆ ఆదివారము పూర్వ విద్యార్థి పాడైన యంత్రమున 12వ విడుదలను తిరిగి అమర్చి, లిబ్రే ఆఫీస్‌ను ఈ విధముగా తెచ్చెను. తరువాత మరియొక దాత ఇచ్చిన కొత్త కంప్యూటరులో వైర్‌లెస్ పరికరము పని చేయకపోయెను. 12వ విడుదలలోని 6.1 కెర్నెల్‌కు ఆ పరికరము పరిచయము లేదు. బ్యాక్‌పోర్టు భాండారమునుండి కొత్త కెర్నెల్‌ను తెచ్చితిమి. ఈసారి ముందుగా నకళ్లు తీసి పెట్టి, ప్రతి హెచ్చరికను చదివి, నేనే ఆ పని చేసితిని. పరికరము పని చేసెను.

భారము మోయువారెవరు?

ఇచ్చట ఒక కఠిన సత్యమును చెప్పవలెను. స్థిర విడుదలలోని లోపములను డెబియన్ భద్రతా సంఘము కనిపెట్టి సవరించును. బ్యాక్‌పోర్టుల భారము ఆ సంఘముది కాదు. దానిని పంపిన వ్యక్తియే దానిని కాపాడవలెను. అసలు ప్రోగ్రాములో లోపము బయటపడిన, సవరించిన కూర్పును ఆయనయే తిరిగి నిర్మించి పంపవలెను. ఒకనాటి ఉత్సాహముతో పంపి మరచినచో, దానిని నమ్మి పెట్టుకొన్న ఎందరో ప్రమాదములో పడుదురు. అంటు కట్టినవాడు నీరు కూడ పోయవలెను. అందువలన ఈ సేవలో తెలివి కన్న నిలుకడ గొప్ప గుణము.

దీనికి కాలపరిమితియు కలదు. కొత్త స్థిర విడుదల వచ్చిన తరువాత పాతదానికి బ్యాక్‌పోర్టులు ఇంచుమించు ఒక ఏడాది మాత్రమే సాగును. మన బడిలో మిక్కిలి పాతవైన 32 బిట్ల కంప్యూటర్లు రెండు కలవు. 13వ విడుదలలో అట్టి యంత్రములకు అమరిక సాధనము లేదు. వానికి 12వ విడుదలయే కడపటిది. భద్రతా సవరణలు 2028 జూన్ వరకు అందును. అంటు కట్టిన చెట్టునకును ఆయుర్దాయము కలదు. కాని ఆ ఆయువు తీరకముందే దానిని నరకి పారవేయనక్కర లేదు.

తెలుగు కన్నులు కావలెను

ఇక మన సంగతి. 2011 ఫిబ్రవరి 6న వెలువడిన డెబియన్ 6వ విడుదలలో, చిత్రరూపమున నడుచు అమరిక సాధనమునకు కొత్తగా చేరిన భాషలలో తెలుగును కన్నడమును రెండును కలవు. మన ఇంటి భాషయు, మన నాటి భాషయు ఒకే విడుదలలో పక్కపక్కన చేరుట మన కోలారు వారికి సంతోషకరమైన విషయము. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన అక్షరములు కూడ డెబియన్ ప్యాకేజీలుగా లభించుచున్నవి. ఇవి ఏ ప్రభుత్వ శాసనము చేతను వచ్చినవి కావు. ఎవరో కొందరు కూర్చుండి అనువదించినందున, గీచినందున, కట్టలు కట్టినందున వచ్చినవి.

ఇంగ్లీషులో అక్షరములు ఒకదాని ప్రక్క ఒకటి నిలుచును. మన లిపిలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నియు ఒకచోట కూడవలెను. “రాష్ట్రము”, “లక్ష్మి”, “స్త్రీ” అను మాటలు తెరమీద సరిగా కనబడుటకు అక్షర రూపములే కాక, వానిని కూర్చు లైబ్రరీలు కూడ సరిగా నడువవలెను. ఒక ప్రోగ్రాము కొత్త కూర్పును పాత లైబ్రరీల మీద కట్టినప్పుడు ఒత్తు విడిపోయినను, దానిని కట్టిన జర్మనీ దేశస్థునికో జపాను దేశస్థునికో అది తెలియదు. ఆయన దృష్టిలో ప్రోగ్రాము చక్కగా తెరచుకొనెను; పరీక్ష నెగ్గెను. తప్పును చూడవలెనన్న తెలుగు చదువు వచ్చిన కన్నులు కావలెను. ఆ కన్నులు మన బడిలో ప్రతి తరగతిలోను ఉన్నవి.

ఈ ఏడాది తొమ్మిదవ తరగతి పిల్లలచేత సంయుక్తాక్షరములున్న మాటల పట్టిక నొకదానిని వ్రాయించితిమి. పాత కూర్పులోను, బ్యాక్‌పోర్టుగా వచ్చిన కూర్పులోను ఆ పట్టికను తెరచి, ముద్రించి, పోల్చి చూచిరి. ఒక యంత్రమున ఒత్తులు చెదరెను. పిల్లలు వెంటనే ఫిర్యాదు వ్రాయుదమనిరి. ముందు కారణము వెదకుడని చెప్పితిని. వెదకగా ఆ యంత్రమున తెలుగు అక్షరముల ప్యాకేజీయే అమర్చబడి యుండలేదు. తప్పు ప్రోగ్రాముది కాదు, మాది. ఫిర్యాదు పంపలేదు. పరుల తప్పు ఎంచుటకు ముందు తన తప్పును వెదకుట ఆనాడు వారు నేర్చిరి. ఆ పట్టిక భద్రముగా ఉన్నది. ప్రతి కొత్త కూర్పునకును దానిని ప్రయోగింతుము. నిజమైన లోపము కనబడిననాడు, అది ఎట్లు కనబడునో వరుసగా వ్రాసి డెబియన్ వారికి తెలుపుదుము. ప్యాకేజీ కట్టుట తరువాతి మెట్టు. తప్పును సరిగా వర్ణించి చెప్పుట మొదటి మెట్టు.

తల్లిదండ్రులకు విన్నపము

నేను మిమ్ము కోరునవి మూడు. మీ ఇంట మూలబడిన పాత కంప్యూటరు ఉన్నచో గుజరీకి వేయకముందు మాకు చూపుడు. ఆదివారము ఉదయము రెండు గంటలు పిల్లలను కంప్యూటరు గదికి పంపుడు. వారు ఇంటికి వచ్చి “ఈరోజు తప్పు దొరకలేదు” అని చెప్పిన, కాలము వృథా చేసినారని కోపింపకుడు. తప్పు లేదని రూఢి చేయుటయు పనియే.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు నా సమాధానము. ఊరికే వచ్చినదాని వెనుక ఎవరో ఒకరు మోసిన భారము కలదు. ఆ భారమును మన బిడ్డలును కొంత మోసిననాడు దాని విలువ మనకు తెలియును. పాతదనుట దోషము కాదు, దానిపై కొత్త కొమ్మను కట్టగలవారు ఉన్నంతవరకు. మన బడియు అట్టిదే. తెలుగు మన వేరు. దానిని పెరికివేసి బిడ్డను మరియొక నేలలో నాటిననే కొత్త విద్య వచ్చుననుకొనుట, 2024లో నేను ఆ యంత్రమునకు చేసిన పని వంటిది. వేరును ఉంచి అంటు కట్టుదము. కట్టిన తరువాత నీరు పోయుట మానకుందము.

ప్రధానోపాధ్యాయుడు,
టేకల్